ఐపీ అడ్రస్ తెలిస్తే ఇంటి అడ్రస్ తెలిసిపోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆరేళ్ళు గుంటూరు వైపు ఒక చిన్న బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్ ఆఫీసులో పనిచేశాను. కనెక్షన్లు ఇవ్వడం, లైన్ పోతే కంప్లైంట్ తీసుకోవడం, లాగిన్ రికార్డులు చూడటం అన్నీ మా పనే. అప్పుడూ ఇప్పుడూ నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే భయం, "అన్నా వాడి దగ్గర నా ఐపీ ఉందంట, ఇంటికొచ్చేస్తాడా" అని. అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేసిన పిల్లలున్నారు, వారం రోజులు కాలేజీకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళున్నారు. అందుకే మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## ముందు అసలు సంగతి

నా ఐపీ అడ్రస్ ఎవడికైనా దొరికితే మా డోర్ నంబర్ తెలిసిపోతుందా?

తెలీదు. ఐపీ అడ్రస్ పేరులో అడ్రస్ అని ఉంది కాబట్టి అందరూ పోస్టల్ అడ్రస్ లాగా ఊహించుకుంటారు, కానీ ఆ నంబర్లో మీ పేరు, వీధి, పిన్‌కోడ్ ఏవీ ఉండవు. అది మీ ఇంటర్నెట్ కంపెనీకి చెందిన నంబర్, మీరు నెట్ వాడుతున్నంతసేపు మీకు వాడుకోడానికి ఇస్తారు అంతే. ఆ నంబర్ పట్టుకుని బయటివాడు చూడగలిగేది ఏ కంపెనీ నెట్, ఏ దేశం, సుమారుగా ఏ రాష్ట్రం లేదా ఏ పెద్ద ఊరు, అంతవరకే. ఫలానా టైముకి ఆ నంబర్ ఏ ఇంట్లో ఉంది అనేది మీ ఇంటర్నెట్ కంపెనీ రికార్డుల్లో మాత్రమే ఉంటుంది, ఆ రికార్డు దారినపోయేవాడు అడిగితే ఇవ్వరు.

మరి ఐపీ చెక్ చేసే సైట్‌లో మా ఊరి పేరు కరెక్టుగా వచ్చింది, అదెలా?

ఆ సైట్లు మిమ్మల్ని ట్రాక్ చెయ్యట్లేదు, వాటి దగ్గర పెద్ద పట్టిక ఉంటుంది. ఈ నంబర్ నుంచి ఈ నంబర్ దాకా ఫలానా కంపెనీవి, ఫలానా ఊళ్ళో వాడుతున్నారు అని. ఐపీలు పంచేది పైనుంచి కిందకి జరుగుతుంది, మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఏపీనిక్ అనే సంస్థ ఉంది, ఇండియాలో ఐరిన్ అనే రిజిస్ట్రీ ఉంది, కంపెనీలు వాటి దగ్గర బ్లాకులు తీసుకుంటాయి, ఆ వివరాలు ఎవరైనా చూడొచ్చు. దానికి తోడు మ్యాక్స్‌మైండ్, ఐపీఇన్ఫో లాంటి కంపెనీలు రకరకాల ఆధారాలతో ఊరు అంచనా వేసి ఆ పట్టిక అమ్ముతాయి. అంచనా కాబట్టి ఒక్కోసారి సరిగ్గా తగులుతుంది, ఒక్కోసారి తగలదు. విజయవాడలో ఉన్నవాళ్ళకి విజయవాడ అని వస్తే అది పెద్ద ఊరు కాబట్టి, అంతేగానీ మీ గల్లీ దానికి తెలిసి కాదు.

నేనుండేది తెనాలిలో, అది మాత్రం హైదరాబాద్ అంటుంది. నా నెట్ ఎవరైనా వాడుతున్నారా?

ఎవరూ వాడట్లేదు, కంగారు పడకండి. మీ ఆపరేటర్ ఐపీ బ్లాకు తీసుకున్నప్పుడు రిజిస్టర్ చేసిన ఆఫీసు హైదరాబాద్‌ది అయ్యుండొచ్చు, లేదా మీ ట్రాఫిక్ మొత్తం హైదరాబాద్ సర్వర్ గదికి వెళ్ళి అక్కడినుంచి బయటికి పోతుండొచ్చు. మా ఆఫీసులో కూడా ఇదే జరిగేది, చుట్టుపక్కల నలభై ఊళ్ళ కస్టమర్లందరూ బయటి సైట్లకి ఒకే ఊరివాళ్ళుగా కనపడేవాళ్ళు. మొబైల్ డేటా అయితే ఇంకా దూరం పోతుంది, శ్రీకాకుళంలో కూర్చున్నవాళ్ళకి చెన్నై, ముంబై అని చూపించడం కూడా మామూలే.

కానీ మ్యాప్‌లో ఒక ఇంటి మీద కరెక్టుగా పిన్ పెట్టి చూపిస్తోంది కదా, అది అబద్ధమా?

ఆ పిన్నే అన్నిటికన్నా మోసం చేసేది, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పిన్నుని నమ్మి నిజంగానే జనం ఇళ్ళ మీదకి వెళ్ళారు.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలం ఉంది, పొలంలో ఇల్లు. మ్యాక్స్‌మైండ్ కంపెనీ పట్టికలో ఒక ఐపీ అమెరికాదే అని తెలుసు కానీ ఏ ఊరో తెలియకపోతే దేశం మధ్యలో ఎక్కడో ఒక పాయింటు రాయాలి కదా, లెక్క తేలిగ్గా ఉండాలని 38 డిగ్రీలు ఉత్తరం, 97 డిగ్రీలు పడమర అని దశాంశాలు లేని అంకెలు రాసేశారు. ఆ పాయింటు సరిగ్గా ఈ ఇంటి వాకిట్లో పడింది. 60 కోట్లకి పైగా ఐపీలు ఆ ఒక్క పాయింటుకి ముడిపడ్డాయి. ఇక చూడండి, పదేళ్ళకి పైగా ఆ ఇంటికి పోలీసులు, ఎఫ్‌బీఐ వాళ్ళు, ఇంట్లోంచి పారిపోయిన పిల్లల కోసం వచ్చేవాళ్ళు, మోసపోయి కోపంతో వచ్చేవాళ్ళు. ఆ ఇంట్లోవాళ్ళు ఏ పాపం ఎరగరు, ఎందుకొస్తున్నారో కూడా వాళ్ళకి తెలీదు. 2016లో ఒక జర్నలిస్టు తవ్వితే కారణం బయటపడింది, అప్పుడు కంపెనీ ఆ పాయింటుని ఒక చెరువు మధ్యలోకి మార్చింది. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియాలో కూడా ఒక ఇంటికి ఇదే గతి పట్టిందని 2019లో బయటికొచ్చింది, ఆ నగరం మొత్తానికి రాసిపెట్టిన పాయింటు వాళ్ళ పెరట్లో పడింది.

మ్యాప్ పిన్ అంటే కంటికి సూదిమొనలాగా కనపడుతుంది, కానీ దాని అర్థం "ఈ చుట్టుపక్కల వంద కిలోమీటర్లలో ఎక్కడో" అని కావొచ్చు. ఆ వ్యాసార్థం పట్టికలో రాసే ఉంటుంది, చాలా సైట్లు చూపించవు.

వాడు నాకు 192.168.1.5 నీ ఐపీ అని పంపాడు, నిజమే, నా ఫోన్‌లో అదే ఉంది!

ఆ నంబర్ మీ ఇంట్లో ఉంది, పక్కింట్లో ఉంది, మా ఇంట్లో ఉంది, ప్రపంచంలో కోట్ల ఇళ్ళలో ఉంది. 192.168 తోనో, 10 తర్వాత చుక్కతోనో మొదలయ్యేవి ఇంటి లోపల రూటర్ ఇచ్చే నంబర్లు, గడప దాటితే వాటికి అర్థం లేదు. ఇది పంపి బెదిరించేవాడికి విషయం తెలియదని అర్థం.

నేను వైఫై వాడను, ఫోన్ డేటానే. అప్పుడు?

ఫోన్ డేటాలో ఇంకా సేఫ్. పాత రకం ఐపీలు, అంటే ఐపీవీ4, ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 429 కోట్లే ఉన్నాయి, అవి ఎప్పుడో చాలకుండా పోయాయి, అందుకని మొబైల్ కంపెనీలు ఒకే ఐపీని ఒకే సమయంలో వందలు వేలమందికి పంచి వాడతాయి. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే గేటు ఉన్నట్టు. ఆ గేటు నంబర్ తెలిసినంత మాత్రాన ఏ ఫ్లాటో తెలీదు. పైగా మీరు ఫ్లైట్ మోడ్ పెట్టి తీస్తే నంబర్ మారిపోవచ్చు కూడా.

ఐపీవీ6 వచ్చాక ప్రతి ఫోన్‌కీ సొంత నంబర్ అంట కదా, ఇంక దాక్కోడానికి లేదా?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు దీన్ని. నిజమే, ఐపీవీ6లో నంబర్లకి కరువు లేదు, పంచుకోవాల్సిన అవసరం లేదు, జియో మొబైల్ నెట్ ఎక్కువగా దాని మీదే నడుస్తుంది. కానీ ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు ఆ నంబర్ వెనక భాగాన్ని ఎప్పటికప్పుడు మార్చేస్తూ ఉంటాయి, ఇంటి అడ్రస్ అందులోనూ ఉండదు.

ఒక్క మినహాయింపు ఉంది, దాచకుండా చెప్తున్నా. కొన్ని పాత రూటర్లు తమ హార్డ్‌వేర్ నంబర్‌ని, అదే మ్యాక్ నంబర్‌ని, ఐపీవీ6 అడ్రస్‌లోనే పెట్టేస్తాయి. మరోపక్క వీధుల్లో వైఫై సిగ్నల్స్ పట్టుకుని ఏ మ్యాక్ ఏ చోట ఉందో రాసుకునే పట్టికలు వేరే ఉన్నాయి. ఈ రెండూ జత కలిపితే వీధి దాకా వెళ్ళొచ్చని 2021లో పరిశోధకులు చేసి చూపించారు. మామూలు బెదిరింపుగాళ్ళు చేసే పని కాదు, కానీ రూటర్ కొని చాలా ఏళ్ళయితే అప్‌డేట్ చెయ్యడమో మార్చడమో మంచిది అనడానికి ఇది గట్టి కారణం.

## మన ఐపీ బయటికి ఎలా వెళ్తుంది

ఎవరో పంపిన లింక్ నొక్కాను, అందులో నా ఐపీ తీసుకున్నాడంట. అలా కుదురుతుందా?

కుదురుతుంది, అసలు మీరు ఏ సైట్ తెరిచినా దానికి మీ ఐపీ తెలుస్తుంది, తెలియకపోతే పేజీ ఎక్కడికి పంపాలో దానికి తెలీదు. ఐపీ పట్టుకునే లింకులు తయారుచేసే సైట్లు ఉన్నాయి, అవి మామూలు వీడియో లింక్‌లా కనపడతాయి, నొక్కితే మధ్యలో మీ ఐపీ, టైము, ఫోన్ మోడల్, బ్రౌజర్ రాసుకుని అసలు వీడియోకి పంపిస్తాయి. అంతవరకు అయితే ఫర్వాలేదు. కానీ లింక్ తెరవగానే "లొకేషన్ అనుమతించాలా" అని ఫోన్ అడిగితే, మీరు అలవాటుగా అలౌ నొక్కేస్తే, అది ఐపీ కాదు, జీపీఎస్. అది కొన్ని మీటర్ల తేడాతో మీరు ఎక్కడున్నారో ఇచ్చేస్తుంది. చాలామంది "ఐపీతో నా ఇల్లు పట్టుకున్నాడు" అని చెప్పే కథల్లో నేను అడిగి చూస్తే జరిగింది ఈ అలౌ బటనే.

వాట్సాప్ కాల్ చేస్తే అవతలివాళ్ళకి నా ఐపీ వెళ్తుందా?

ఇద్దరి మధ్య కాల్ అయితే వెళ్ళే అవకాశం ఉంది, ఎందుకంటే మాట క్లియర్‌గా ఉండటం కోసం రెండు ఫోన్లు నేరుగా కలుపుతారు. మామూలు మనిషికి స్క్రీన్ మీద కనపడదు, నెట్‌వర్క్ పరిజ్ఞానం ఉన్నవాడు చూడగలడు. 2023 చివర్లో వాట్సాప్ దీనికి ఒక స్విచ్ ఇచ్చింది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ 'ప్రొటెక్ట్ ఐపీ అడ్రస్ ఇన్ కాల్స్' ఆన్ చేస్తే కాల్ వాట్సాప్ సర్వర్ మీదుగా పోతుంది, క్వాలిటీ కాస్త తగ్గొచ్చు. తెలియని నంబర్ల నుంచి కాల్స్ వచ్చే ఆడపిల్లలు, ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసేవాళ్ళు ఇది తప్పకుండా ఆన్ చేసుకోండి. టెలిగ్రామ్‌లో కూడా కాల్స్ సెట్టింగ్‌లో పీర్ టు పీర్ అని ఉంటుంది, 'నోబడీ' పెట్టండి. చాట్ చేస్తే మాత్రం ఐపీ అవతలివాళ్ళకి వెళ్ళదు.

ఇన్‌స్టాలో నా స్టోరీ చూసినవాడికి, నేను కామెంట్ పెట్టినవాడికి నా ఐపీ తెలుస్తుందా?

తెలీదు. అది ఇన్‌స్టా కంపెనీకి తెలుస్తుంది, అవతలి యూజర్‌కి చూపించదు.

జీమెయిల్ నుంచి మెయిల్ పంపితే?

బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పంపితే మీ ఐపీ ఆ మెయిల్‌లో ఉండదు, గూగుల్ సర్వర్ ఐపీనే ఉంటుంది. కొన్ని ఆఫీసు మెయిల్స్, పాత తరహా మెయిల్ సాఫ్ట్‌వేర్లలో పంపినవాడి ఐపీ మెయిల్ హెడర్‌లో కనపడుతుంది.

## బెదిరింపు వచ్చినప్పుడు

"నీ ఐపీ నా దగ్గరుంది, రేపు మీ ఇంటి ముందుంటా" అని మెసేజ్ పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి, ఏం చెయ్యాలి?

ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. ఐపీ పట్టుకుని వాడు మీ ఇంటికి రాలేడు. వాడికి కావాల్సింది మీ భయం, భయపడితే డబ్బులో ఫొటోలో పంపిస్తారని. వాడికి సమాధానం ఇవ్వకండి, "ఏది నా అడ్రస్ చెప్పు చూద్దాం" అని రెచ్చగొట్టకండి కూడా, ఎందుకంటే ఆ మాటల్లోనే మీరు ఊరో పేటో చెప్పేస్తారు. స్క్రీన్‌షాట్లు తియ్యండి, ప్రొఫైల్ లింక్, నంబర్, తేదీ టైము కనపడేలా. ఆ తర్వాతే బ్లాక్ చెయ్యండి, ముందే బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేస్తే ఆధారం పోతుంది. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, అమ్మకో అక్కకో, తిడతారేమో అని దాచుకున్నవాళ్ళే ఎక్కువ నలిగిపోయారు. ఆన్‌లైన్ కంప్లైంట్ సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఇవ్వొచ్చు, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. తెలంగాణలో ఆడవాళ్ళు షీ టీమ్స్‌ని అడగొచ్చు. ఆడపిల్లని ఆన్‌లైన్‌లో వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు ఉంది.

కానీ వాడు నిజంగానే మా వీధి పేరు చెప్పాడు! ఐపీ కాకపోతే ఎలా తెలిసింది?

ఇదే అసలు చూసుకోవాల్సిన చోటు, జనం ఐపీ ఐపీ అని భయపడుతుంటారు, ఇల్లు మాత్రం వేరే కిటికీలోంచి కనపడుతూ ఉంటుంది. నేను ఇలాంటి కేసు విన్నప్పుడల్లా ఫోన్ తీసుకుని మా తమ్ముణ్ణైనా ఇవే అడుగుతాను:

బాల్కనీ నుంచి తీసిన ఫొటో పెట్టావా, వెనకాల గుడి గోపురమో, షాపు బోర్డో ఉందా? గేటు ముందు కొత్త బండి ఫొటో, నంబర్ ప్లేటుతో సహా పెట్టావా? ఫొటోని వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపావా, ఎందుకంటే మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ వివరం తీసేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో తీసిన చోటు అందులో అలాగే ఉండిపోవచ్చు. ఓఎల్‌ఎక్స్‌లో పాత సోఫా అమ్మడానికి ఏరియా రాశావా? పార్సిల్ కవర్ మీద పేరు, డోర్ నంబర్, ఫోన్ నంబర్ మూడూ ఉంటాయి, అది చింపకుండా చెత్తలో వేశావా?

ఇవి కాక మనం ఇవ్వకపోయినా బయట ఉండేవి కొన్ని ఉన్నాయి. ఓటరు లిస్టు బూత్ వారీగా ఆన్‌లైన్‌లో ఉంటుంది, అందులో పేరు, వయసు, ఇంటి నంబర్ ఉంటాయి, మీ ఊరు పేటా తెలిసినవాడు కూర్చుని వెతికితే దొరుకుతారు. ఇంట్లోంచే చీరల వ్యాపారం చేస్తూ జీఎస్టీ తీసుకున్న అక్కలు చాలామంది ఉన్నారు, ఆ జీఎస్టీ నంబర్ వెతికితే వ్యాపార స్థలం అని ఇంటి అడ్రసే వస్తుంది. మీ ఫోన్ నంబర్ ఉంటే యూపీఐలో పేరు కనపడుతుంది. ఇక కాలేజీ గ్రూపులో మిమ్మల్ని ఎరిగినవాడే వేరే పేరుతో మెసేజ్ పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా చూశాను. వీధి పేరు చెప్పాడంటే ముందు తెలిసినవాళ్ళని అనుమానించండి.

సీబీఐ అని వీడియో కాల్ వచ్చింది, మీ ఐపీ నుంచి బూతు వీడియోలు చూశారు, డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. నిజమేనా?

పచ్చి మోసం, కాల్ కట్ చెయ్యండి. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు. వాళ్ళు చదివే ఐపీ నంబర్ మీదో కాదో కూడా మీకు తెలీదు, పెద్దవాళ్ళకి ఐపీ అనే మాట వింటేనే ఏదో పెద్ద నేరం అనిపిస్తుందని దాన్ని వాడతారు. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు జీవితకాలం పొదుపు ఇలా పోగొట్టుకున్నారు, మీ ఇంట్లో నాన్నకి, తాతయ్యకి ఈ ఒక్క సంగతి ఈరోజే చెప్పండి. డబ్బు పంపేసి ఉంటే గంట కూడా ఆగకుండా 1930.

లోన్ యాప్ వాళ్ళు మా చుట్టాల నంబర్లన్నీ చెప్తున్నారు, ఐపీ ద్వారా తీశారా?

కాదు. యాప్ వేసుకున్నప్పుడు కాంటాక్ట్స్, ఫొటోలు, లొకేషన్ పర్మిషన్లు మీ చేత అలౌ చేయించుకున్నారు, అక్కడినుంచే తీశారు. ఐపీకి మీ ఫోన్ బుక్‌తో సంబంధమే లేదు.

ఐపీ తెలిస్తే ఫోన్ హ్యాక్ చేసి కెమెరా ఆన్ చెయ్యగలరా?

ఐపీ ఒక్కదానితో చెయ్యలేరు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి నేరుగా పబ్లిక్ ఐపీ, అంటే వేరేవాళ్ళతో పంచుకోకుండా బయటికి కనపడే నంబర్, ఉంటే మాత్రం రెండు పనులు చెయ్యగలరు: అనవసర ట్రాఫిక్ కుమ్మరించి మీ నెట్ కాసేపు పడుకోబెట్టడం, రూటర్‌కో సీసీ కెమెరాకో ఏదైనా తలుపు తెరిచి ఉందేమో తట్టి చూడటం. రూటర్ పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని అలాగే వదిలేసినవాళ్ళకి ఇది నిజమైన ప్రమాదం, మా కస్టమర్లలో పదిమందిలో తొమ్మిదిమంది మార్చేవాళ్ళు కాదు, ఎన్నిసార్లు చెప్పినా.

## పోలీసులు, కోర్టులు

మరి పోలీసులు ఐపీతోనే పట్టుకున్నారు అని పేపర్లో వస్తుంది కదా, అదెలా?

వాళ్ళు రెండు తలుపులు తట్టగలరు, మామూలువాడు తట్టలేడు. మొదట ఆ పోస్టు పెట్టిన ప్లాట్‌ఫాంని అడుగుతారు, ఫలానా అకౌంట్ ఏ ఐపీ నుంచి ఏ టైముకి లాగిన్ అయింది అని. ఆ ఐపీ ఎవరి బ్లాకో చూసి ఆ ఇంటర్నెట్ కంపెనీకి నోటీసు ఇస్తారు, ఇంతకుముందు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 91వ సెక్షన్ కింద, 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 94వ సెక్షన్ కింద.

మా ఆఫీసుకి అలాంటి నోటీసు వచ్చినప్పుడు ఓనర్ కూర్చుని లాగిన్ రికార్డులు తీయించేవాడు. మేము చూడాల్సినవి మూడు: పబ్లిక్ ఐపీ, పోర్ట్ నంబర్ (ఒకే ఐపీ పంచుకునేవాళ్ళని విడదీసి చూపించే అదనపు నంబర్), సెకన్లతో సహా టైము. మూడూ ఉంటే ఏ యూజర్ ఐడీ అని తేలుతుంది, ఆ యూజర్ ఐడీకి కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఆధార్ జిరాక్స్, ఫొటో, అడ్రస్ ఉన్న ఫారం ఉంటుంది, అప్పుడు ఇల్లు. పోర్ట్ నంబర్ లేకుండా ఐపీ ఒక్కటే పంపితే ఆ సమయానికి దాని వెనక వందలమంది ఉండేవాళ్ళు, మేము చేతులెత్తేసేవాళ్ళం. ఇంకో చిక్కు టైము, విదేశీ కంపెనీలు గ్రీన్‌విచ్ టైములో ఇస్తాయి, మనకి ఐదున్నర గంటలు కలపాలి, ఎవరైనా కలపడం మర్చిపోతే వేరే ఇంటి పేరు వస్తుంది.

ఈ రికార్డులు ఎన్నాళ్ళు ఉంచుతారు?

2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్సు నిబంధన మార్చింది, అప్పటినుంచి కనీసం రెండేళ్ళు ఉంచాలి. దానికి ముందు ఏడాది ఉండేది.

తప్పు మనిషిని పట్టుకున్న సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2007లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆర్కుట్ అనే అప్పటి సోషల్ మీడియా సైట్‌లో ఛత్రపతి శివాజీ గురించి అభ్యంతరకరమైన పోస్టు పెట్టాడని పుణె పోలీసులు తీసుకెళ్ళారు. ఇంటర్నెట్ కంపెనీ ఆ ఐపీకి ఇతని వివరాలు ఇచ్చింది. తీరా చూస్తే ఆ వివరం తప్పు, ఐపీ అతనిది కాదు. అప్పటికే అతను 50 రోజులు జైల్లో ఉన్నాడు. ఆ కేసు గురించి తెలిశాక మా ఆఫీసులో లాగ్ తీసేటప్పుడు ఇద్దరం విడివిడిగా చూసి, ఇద్దరికీ ఒకే పేరు వస్తేనే కాగితం మీద రాసేవాళ్ళం.

మా వైఫై పక్కింటివాళ్ళకి ఇచ్చాను, వాళ్ళేదైనా చేస్తే నా మీదకి వస్తుందా?

మొదట మీ తలుపే తడతారు, ఎందుకంటే కనెక్షన్ మీ పేరు మీద ఉంది. ఐపీ ఇంటి దాకా తీసుకొస్తుందిగానీ ఆ ఇంట్లో కీబోర్డ్ ముందు కూర్చున్నది ఎవరో చెప్పదు. అది తేలడానికి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చూస్తారు, ఈలోపు తిరగాల్సింది మీరే. పక్కవాళ్ళకి పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఇప్పుడే మార్చుకోండి, పీజీ హాస్టల్ నడిపేవాళ్ళు మనిషికో లాగిన్ పెట్టించుకోండి.

మా తమ్ముడు జర్మనీలో చదువుతున్నాడు, తెలుగు సినిమా టొరెంట్‌లో డౌన్‌లోడ్ చేస్తే ఇంటికి లాయర్ నోటీసు వచ్చింది. ఐపీతో ఇల్లు తెలీదన్నారు కదా?

అక్కడ దారి కోర్టు మీదుగా ఉంది. టొరెంట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు మీ ఐపీ అందరికీ కనపడుతుంది, హక్కుదారుల తరఫువాళ్ళు ఆ ఐపీలు రాసుకుంటారు, జర్మనీ కాపీరైట్ చట్టం ప్రకారం కోర్టు ఆర్డర్ తెచ్చుకుంటే ఇంటర్నెట్ కంపెనీ పేరు, అడ్రస్ ఇవ్వాలి. ఆ తర్వాత వందల యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది. కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఇందులో ఇరుక్కుంటారు, ఇక్కడి అలవాటే అక్కడ కూడా. ఉత్తరం వస్తే పక్కన పడెయ్యకండి, గడువు ఉంటుంది, సంతకం పెట్టేముందు యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో న్యాయ సలహా ఇచ్చేవాళ్ళుంటే వాళ్ళకి చూపించమనండి. అమెరికాలో కూడా సినిమా కంపెనీలు ఐపీల మీద కేసు వేసి కోర్టు ద్వారా పేర్లు తీయించుకుంటాయి.

నా ఫ్రెండ్ ఒకడు ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేస్తాడు. నన్ను ఏడిపిస్తున్నవాడి ఐపీ ఇస్తే వాడి ఇల్లు తీసిస్తాడా?

దయచేసి అడగకండి. నన్ను కూడా చాలామంది అడిగారు, కొంతమంది నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళే, అయినా ఇవ్వలేదు. వదిలేసి వెళ్ళిన అమ్మాయి ఎక్కడుందో తెలుసుకోడానికి కథ అల్లి అడిగినవాడు కూడా ఉన్నాడు, మాటల్లో పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. కస్టమర్ వివరం బయటికి ఇస్తే ఇచ్చినవాడి ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది. పైగా తప్పు ఇల్లు తేలితే ఆ గొడవలో దెబ్బలు తినేది ఏ సంబంధం లేనివాడు. మీ దగ్గరున్న ఐపీ, టైము, స్క్రీన్‌షాట్లు పోలీసులకి ఇవ్వండి.

## జాగ్రత్తలు

వీపీఎన్ వేసుకుంటే సరిపోతుందా?

వీపీఎన్ అంటే మీ నెట్‌ని వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే యాప్, సైట్‌కి మీ ఐపీ బదులు ఆ వీపీఎన్ ఐపీ కనపడుతుంది, అంతవరకు నిజం. కానీ మీ ఇంటర్నెట్ కంపెనీ మీద పెట్టిన నమ్మకం ఇప్పుడు ఆ వీపీఎన్ కంపెనీ మీద పెడుతున్నారు. ఫ్రీ వీపీఎన్‌లు నాకు నచ్చవు, సర్వర్లకి అయ్యే ఖర్చు వాళ్ళు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్, వీపీఎన్‌లు కస్టమర్ వివరాలు ఐదేళ్ళు ఉంచాలని చెప్తే నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇండియాలో సర్వర్లు తీసేశాయి. వీపీఎన్ ఆన్ చేసి అదే అకౌంట్‌తో లాగిన్ అయి బాల్కనీ ఫొటో పెడితే మాత్రం ఏ ఉపయోగం లేదు.

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో మోడ్ పెడితే?

ఐపీ దాచదు. మీ ఫోన్‌లో హిస్టరీ మాత్రమే దాచుతుంది.

రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఐపీ మారుతుందా?

చాలా ఇళ్ళలో మారుతుంది, మారకపోతే కొన్ని గంటలు ఆఫ్‌లో ఉంచి చూడండి, అయినా అదే ఉంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మార్చమనండి. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నవాళ్ళకి మారదు. సీసీ కెమెరా బయటినుంచి చూడటానికని షాపులవాళ్ళు స్టాటిక్ తీసుకుంటుంటారు, ఇప్పుడొచ్చే కెమెరాల్లో చాలావాటికి అది అక్కర్లేదు, యాప్‌లోనే చూడొచ్చు, బిగించే కుర్రాణ్ణి అడిగి తెలుసుకోండి.

ఒక్క పదినిమిషాలే టైముంది, ఇప్పుడేం చెయ్యను?

ఫోన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ పర్మిషన్ తెరిచి క్యాబ్, ఫుడ్, మ్యాప్స్ తప్ప మిగతావన్నీ తీసెయ్యండి, టార్చ్ లైట్ యాప్‌కి లొకేషన్ ఎందుకు. కెమెరా సెట్టింగ్‌లో ఫొటోకి లొకేషన్ చేర్చడం ఆపండి. వాట్సాప్‌లో కాల్ ఐపీ స్విచ్ ఆన్ చెయ్యండి. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, మీకు రాకపోతే లైన్‌మన్ వచ్చినప్పుడు పక్కనే కూర్చోబెట్టుకుని మార్పించండి, కొత్త పాస్‌వర్డ్ మాత్రం మీరే టైప్ చెయ్యండి.